పిట్టవేటయు జాగిలములును: గోలకొండ గుట్టలనుండి ఫిలింనగరము వఱకు



హైదరాబాదు నగరమునకు పడమట, గోలకొండ కోటకు చేరువను, పెనుబండలతో నిండిన గుట్టల వరుస యొకటి కలదు. నేడు ఆ ప్రదేశమును జూబిలీహిల్సనియు, బంజారాహిల్సనియు, ఫిలింనగరమనియు పిలుచుచున్నారు. మూడు తరములకు పూర్వము అచ్చట మేడలు లేవు. షేక్‌పేట గ్రామమునకు చెందిన ఆ రాతినేలపై సీతాఫలపు పొదలును, రేగు తుప్పలును, తుమ్మలును, నడుమ నడుమ ఎండుగడ్డియు మాత్రమే యుండెడివి. అట్టి నేల కౌజులకును, లావుకలకును, పూరేళ్ళకును, నెమళ్ళకును పుట్టినిల్లు. 1960వ దశకమున ఐ.ఏ.ఎస్. అధికారియగు చల్లగళ్ల నరసింహముగారి పూనికచే గృహనిర్మాణ సహకార సంఘ మొకటి యేర్పడి, ఆ గుట్టలపై ఇండ్లు లేచుట ప్రారంభమయ్యెను. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో వెలసెను. అటుపై పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చెను. మదరాసునుండి తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమక్రమముగా ఇచ్చటికి తరలి స్థిరపడెను.

ఆ మేడలకు పూర్వము దక్కనులో ఇట్టి పొదలయందు పిట్టలను పట్టి జీవించిన వేటగానిని గూర్చియు, ఆతనికి తోడైన జాగిలమును గూర్చియు నాలుగు మాటలు విన్నవింప నుద్యమించితిని. వేట మన బోయలకు కులవృత్తి. అది మన చేతినుండి యెట్లు జాఱిపోయెనో, దానితోపాటు మన మేమి కోల్పోయితిమో తెలిసికొనుట ఈ మహాసభకు తగిన విషయమని నా నమ్మకము.

వేటకాలము

పిట్టవేటకు మన దేశమున కాలము దసరాతో మొదలై శివరాత్రితో ముగియుచుండెడిది. ఇందులకు కారణములు స్పష్టములు. వానలు వెనుకబట్టిన పిదప జొన్నచేలు, సజ్జచేలు కోతకు వచ్చును. గింజ రాలినచోట పూరేళ్ళు మూగును. అదే సమయమున ఉత్తరదేశములనుండి పెద్దపూరేడును, బాతులును, పొడవు ముక్కుతో బురదను గ్రుచ్చి తినెడి ముక్కుపూరేడును చెఱువుల క్రిందికి దిగివచ్చును. గడ్డి యెండి పలుచబడుటచే మనుష్యునికిని కుక్కకును పొదలలో మెలగుట సుకరమగును. వేకువను కురిసిన మంచు నేలపై పిట్ట వాసనను నిలిపియుంచును. ఎండ ముదిరిన కొలది ఆ వాసన చెదరిపోవును. కావున ప్రొద్దు బారెడెక్కక మునుపే కుక్కతోడి వేట ముగియవలెను.

కౌజుమాత్రము వలసపక్షి కాదు. దీనినే మనవారు కముజనియు, కవుంజనియు పలుకుదురు. ఇది ఏడాది పొడవునను తాను పుట్టిన పొదలనే అంటిపెట్టుకొని యుండును. మగకౌజునకు తన నేలపై అభిమానము మెండు. పరాయి మగదాని కూత వినబడెనా, మెడ నిక్కించి పోరునకు పరుగెత్తివచ్చును. దాని ప్రాణమునకు ముప్పు తెచ్చినది ఆ పౌరుషమే.

వేటకాలమునకు దేవాలయములు సైతము సాక్ష్య మిచ్చుచున్నవి. తిరుమలలో కనుమనాడు పారువేట యుత్సవము జరుగును. అహోబిలమున నరసింహస్వామి సంక్రాంతివేళ పారువేటకు బయలుదేరి, చుట్టుపట్ల గ్రామములలో దినములకొలది సంచరించును. దేవుడే వేటకాడై యూరూర తిరుగు దేశమున వేట నీచవృత్తి యని తలచుట యెట్లు సంభవించెనో విచారింపదగినది.

వేటతీరు

మన పెద్దలు తుపాకినెఱుగక మునుపు పిట్టలను పట్టిన సాధనములు వల, ఉరి, బంక, దీమము, డేగ. మఱ్ఱిపాలతో కాచిన బంకను పుల్లలకు పూసి, పిట్ట వ్రాలుచోట గ్రుచ్చెడివారు. దీమమనగా మచ్చికచేసిన పిట్ట. పంజరములోని మగకౌజును పొదచాటున నుంచి చుట్టును ఉరులు పన్నినచో, అది కూయగనే అడవికౌజు కయ్యమునకు వచ్చి ఉరిలో తగులుకొనును. మఱికొందఱు ఎద్దును మచ్చికచేసి, దాని మఱుగున మెల్లమెల్లగా నడచుచు పిట్టలను వలవైపునకు తోలెడివారు. మేయు పశువును జూచి పిట్టలు బెదరవు గదా!

డేగవేట రాజులకును ప్రియమైనదే. 12వ శతాబ్ది ప్రథమార్ధమున కళ్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున రాజవినోదములలో శ్యేనవినోదమును, సారమేయవినోదమును, అనగా డేగల యాటయు, కుక్కల యాటయు వర్ణింపబడినవి. నేటి తెలంగాణములో హెచ్చుభాగము ఆనాడు ఆతని యేలుబడిలోనిదే. విజయనగరము నేలిన సాళువ వంశమువారి పేరునకు సాళువమను వేటడేగయే మూలమని చరిత్రకారులు చెప్పుదురు. రాజు పేరు పెట్టుకొన్న డేగను పొదలనుండి పట్టి తెచ్చి, మచ్చికచేసి, రాజుచేతి కందించినవాడు మాత్రము పేరులేని వేటగాడు.

నిలుచు కుక్క

ఐరోపాఖండమున పిట్టవేటకు ప్రత్యేకముగా పెంపబడిన కుక్కలు కలవు. వానిలో పాయింటరనునది ప్రసిద్ధము. అది గాలిలో పిట్ట వాసనను పసిగట్టగనే ముట్టెను ఆ దిక్కునకు చాచి, ఒక ముందుకాలు మడిచి, ఊపిరి బిగబట్టినట్లు కదలక నిలుచును. ఎగురక నేలకు నక్కియున్న పిట్టకు, కుక్కకు నడుమ ఆ క్షణమున వేటగాడు వచ్చి చేరుటకు వ్యవధి కలుగును. కుక్కజాతి యంతయు వేటపై దూకుటకు ముందు ఒకింత తటపటాయించును. ఆ తటపటాయింపును తరతరముల యెంపికచే సాగదీసి మానవుడు ఈ గుణమును సంపాదించెను. తుపాకి రాకమునుపు సెట్టరు జాతి పూర్వులు పిట్టయెదుట నేలకు వంగి పండుకొనగా, వేటగాడు కుక్కమీదుగా వల విసరి పిట్టలను పట్టెడివాడు. చూడగా, అచ్చటి వేటగాడును మన బోయయు ఒకే విద్యను రెండు దేశములలో నేర్చినవారని తోచును.

19వ శతాబ్ది యుత్తరార్ధమునుండి జర్మనీదేశీయులు ఇంకొక మెట్టు పైకెక్కిరి. వాసన పట్టి నిలుచుట, గాయపడిన జంతువు జాడ తీయుట, నేలపైనను నీటిలోను పడిన పిట్టను నోట కఱచి తెచ్చుట యను పనులన్నియు నొక్క కుక్కయే చేయవలెనని సంకల్పించి, అట్టి బహుకార్యసమర్థములైన జాతులను నిర్మించిరి. సామాన్యుడైన వేటగాడు నాలుగు కుక్కలను పోషింపజాలడు గదా. ఒక్క కుక్కయే అన్నింటికిని అక్కఱకు రావలెను.

1806లో సికిందరాబాదు దండు ఏర్పడినపిదప ఆంగ్లేయులు తమ కుక్కలతోడను తుపాకులతోడను దక్కను పొదలలో ప్రవేశించిరి. కాని చలిదేశమున పుట్టిన ఆ కుక్కలకు మన యెండ సరిపడదు. రాతినేల వాని పాదములను కోయును. పల్లేరుముండ్లు గ్రుచ్చుకొనును. అందుచేత దొరగారికైనను పిట్ట యెచ్చట నున్నదో చెప్పి పొదలు కొట్టి లేపుటకు స్థానికుడే కావలసివచ్చెను.

మన జాగిలములు

మన జాగిలములు పాయింటరువలె నిలుచునవి కావు. వానిలో హెచ్చుభాగము కంటితో జూచి వెంటాడునవి. కుందేలును, దుప్పిని తఱుమునవి. ఐనను బహుకార్యసమర్థత మన కుక్కలకు క్రొత్త గాదు. కొల్లేటి ప్రాంతమునను, కృష్ణా గోదావరీ తీరములందును జోనంగి యను కుక్కజాతి కలదు. పొట్టివెండ్రుకలు గల ఆ కుక్క చిన్నజంతువులను వేటాడును. అదే కుక్క చేలలో మేయు బాతులమందను చెదరకుండ తోలును. పిట్టను పట్టు కుక్కయే పిట్టను కాచు కుక్కగా నుండుట మిక్కిలి గమనింపదగిన విషయము.

తమిళదేశమున రాజపాళయము కుక్క ప్రసిద్ధి గన్నది. దానిని పెంచి పోషించిన రాజపాళయపు రాజులు తెలుగుదేశమునుండి వలసపోయినవారే. 2005లో భారత తపాలాశాఖ దేశీయ శునకజాతులపై విడుదలచేసిన నాలుగు బిళ్ళలలో రాజపాళయము కుక్క యొకటి, ముధోలు కుక్క యొకటి.

ముధోలు కుక్కను గూర్చి మనవారు విశేషించి తెలిసికొనవలెను. కన్నడదేశమున నేటి బాగలకోట మండలములోని ముధోలు ఆనాడొక చిన్న సంస్థానము. 20వ శతాబ్ది యారంభమున దాని నేలిన మాలోజీరావు ఘోర్పడే రాజు, స్థానికులైన బేడరులు, అనగా మన బోయసోదరులే, సన్నని నడుమును పొడవు కాళ్ళును గల కుక్కలతో వేటాడుట గమనించెను. ఆ జాతిని చేరదీసి వృద్ధిపఱచి, ఐదవ జార్జి చక్రవర్తికి ఒక జంటను కానుకగా నిచ్చెను. జాతికి రాజధాని పేరు నిలిచెను. దానిని అంతకుముందు తరములకొలది గంజిపోసి పెంచిన బేడరుల పేరు మఱుగుపడెను.

అదే ముధోలు సంస్థానములో హలగలి యను గ్రామము కలదు. 1857లో ప్రజల యాయుధములను లాగికొను చట్టము రాగా, హలగలి బేడరులు తమ యాయుధముల నిచ్చుటకు నిరాకరించిరి. వేటగానికి విల్లు, కత్తి, తుపాకి కేవల మాయుధములు గావు. అవియే యాతని నాగలి, యాతని యెద్దు. వారు తిరుగబడిరి. ఆంగ్లసైన్యము గ్రామమును తగులబెట్టి, పట్టుబడినవారిలో పలువురిని ఉరితీసెను. ముధోలు కుక్కను మెచ్చుకొను ప్రతివాడును హలగలిని తలచుట న్యాయము.

శాసనములు, కావ్యములు

మన పూర్వులు వట్టి పిట్టలవేటగాండ్రుగా మాత్రమే యుండలేదు. క్రీ.శ. 848 నాటి పండరంగని అద్దంకి శాసనము, చాళుక్య సేనాని పండ్రెండు బోయకొట్టములను జయించెనని చెప్పుచున్నది. పండ్రెండు కొట్టములను జయించుట ఘనకార్యముగా రాతిపై చెక్కించిరన్నచో, వానిని కాచుకొన్నవారు సామాన్యులు కారని తేలుచున్నది. తెలుగు పద్యము కనబడు తొలి శాసనములలో నిదియే ముఖ్యమైనది; తెలుగు పద్యము పుట్టుకతోనే బోయల పేరు ముడిపడియున్నది. నిజాము రాజ్యమునకు చేరిన సురపురమును, మైసూరు సీమలోని చిత్రదుర్గమును మన నాయకులే యేలిరి.

జాగిలమునకు సైతము శాసనములలో స్థానము కలదు. కన్నడదేశములోని ఆతకూరులో 10వ శతాబ్ది మధ్యమున నిలిపిన శిల యొకటి కలదు. కాళి యను వేటకుక్క అడవిపందితో పోరాడి, దానిని చంపి తానును చచ్చినందులకు స్మారకమది. రాజు వరము కోరుకొమ్మనగా మణలేరుడను వీరుడు ఆ కుక్కనే కోరి పొందెనట. యజమానుడు భూమిని గాక కుక్కను కోరుట చూడగా, వేటకుక్క విలువ ఆ కాలమున నెట్టిదో తెలియును.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమునను, ధూర్జటి కాళహస్తిమాహాత్మ్యమునను తిన్నని కథను చెప్పిరి. ఉడుమూరి బోయపిల్లవాడగు తిన్నడు వేటకు పోయి శివుని కనుగొని, తన కన్నులనే యర్పించి కన్నప్ప యయ్యెను. వాల్మీకి మహర్షి మన మూలపురుషుడని మన విశ్వాసము. తమసానదీతీరమున క్రౌంచపక్షుల జంటలో నొకదానిని నిషాదుడు కొట్టగా, మహర్షి హృదయమునుండి శోకము శ్లోకమై వెలువడెను. బాణము వేసినవాడును వేటకాడే. దానికై కన్నీరు విడిచినవాడును వేటకులమున పుట్టినవాడే యని మన పెద్దలు చెప్పుదురు. పిట్టను చంపుట తెలిసినవానికే పిట్ట విలువ తెలియుననుట ఈ కథ కొక తాత్పర్యము.

చట్టములు

నిజాము ప్రభువుల కాలమున వేటనేలలు ప్రభువుల ప్రత్యేకసొత్తు. ఆరవ నిజాము మహబూబు అలీఖాను పులివేటలో పేరు మోసినవాడు. నేటి మహావీర హరిణవనస్థలి ఆనాడు నిజాము వేటదొడ్డి. ప్రభువు వేటాడినచో వినోదము. బోయ వేటాడినచో దొంగతనము. ఆంగ్లపాలిత ప్రాంతములలో 1871 నాటి నేరజాతుల చట్టము అంతకంటె దారుణముగా పరిణమించెను. 1911 నుండి మదరాసు రాజధానిలో అమలైన ఆ విధానము క్రింద బోయలలోను కొన్ని శాఖలు పుట్టుకతోనే నేరస్థులుగా పరిగణింపబడెను. స్వాతంత్ర్యానంతరము 1952లో ఆ చట్టము రద్దయ్యెను.

పిదప 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. మొదట కౌజు, పూరేడు వంటి చిన్నపిట్టలను అనుమతిపత్రముతో వేటాడవచ్చునని యుండెను. 1991 సవరణతో ఆ వెసులుబాటును తొలగిపోయెను. ఈ చట్టము నేను నిందింపను. తుపాకులును, జీపులును, విద్యుద్దీపములును చేరినపిదప, పొదలన్నియు చేలుగను, చేలన్నియు ఇండ్లజాగాలుగను మాఱినపిదప, పిట్టలకు రక్షణ మావశ్యకమే యయ్యెను. కర్నూలు మండలమున బట్టమేకపక్షికై రోళ్ళపాడు అభయారణ్యము నేర్పఱచియు, ఆ పక్షి అచ్చట దాదాపు కనుమరుగయ్యెను. కాని చట్టము వేటను ఆపునప్పుడు వేటగానికి బ్రతుకు చూపవలసియుండెను, అది జరుగలేదు. నేటికిని దసరానాడు నగరములలో పాలపిట్టను పంజరమున పెట్టి చూపి నాలుగు రూకలు సంపాదించు పేదవాడు పట్టుబడుచున్నాడు. పిట్టను చూచి పుణ్యము గట్టుకొన్నవాడు ఇంటికి పోవుచున్నాడు. భోజనశాలలలో కౌజుపిట్టయని అమ్మునది నేడు సాకుడుపిట్టయగు జపానుపూరేడు. అడవికౌజునకు అది కొంత మేలే.

కలివికోడి

వేటగాని విద్యకు విలువ కలదనుటకు మన నేలయందే గొప్ప నిదర్శన మున్నది. నెల్లూరున వైద్యుడుగా నుండిన జెర్డనుదొర 19వ శతాబ్ది నడుమ మన పక్షులను పరిశీలించి గ్రంథములు వ్రాసెను. పలు పక్షులకు తెలుగుపేర్లను చేర్చెను. ఆ పేర్లు పుస్తకములలో పుట్టినవి కావు. పిట్టలను పట్టువారి నోట వినినవే. ఆయన కనుగొన్న కలివికోడి యను పక్షి 1900 తరువాత ఎవ్వరికిని కనబడక, నశించెనని పండితులు తీర్మానించిరి. 1986 జనవరిలో కడప మండలము రెడ్డిపల్లె ప్రాంతమున స్థానికుడైన పిట్టవేటగా డొకడు దానిని ప్రాణముతో పట్టి బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారికి అందించెను. ఆ పక్షి రాత్రి తిరుగునని ఆతనికి తెలియును. అది తలదాచుకొను పొద యెట్టిదో ఆతనికి తెలియును. 86 యేండ్లు శాస్త్రజ్ఞులు కానలేనిదానిని ఆతడు కనెను. దాని ఫలముగా శ్రీలంకమల్లేశ్వర అభయారణ్య మేర్పడెను. ఆతడే కులమువాడైనను వృత్తిచే మనవాడు.

1931-32లో నిజాము రాజ్యమున పక్షిగణన సాగించిన సలీం అలీ మహాశయుడును బాల్యమున గాలితుపాకితో ఒక పిచ్చుకను కొట్టి, దాని మెడపై పసుపుమచ్చను జూచి యాశ్చర్యపడి పక్షిశాస్త్రమున ప్రవేశించినవాడే. ఆతనికి సంస్థలు దొరకెను, గ్రంథములు దొరకెను, కీర్తి దొరకెను. మన పిల్లలకు అట్టి ద్వారము తెఱువబడలేదు.

ఫిలింనగరము

మరల గుట్టలకడకు వత్తము. వేటపొదలు పోయినచోట వెలసిన చలనచిత్రశాలలలో మన వేటగాడు బొమ్మయై తిరిగి ప్రవేశించెను. 1954లో కన్నడనటుడు రాజకుమారుడు తెలుగుతెరపై కాళహస్తి కన్నప్పగా కనబడెను. 1963లో ఎన్.టి. రామారావుగారు వాల్మీకి పాత్రను ధరించిరి. 1976లో బాపుగారి దర్శకత్వమున కృష్ణంరాజుగారు భక్తకన్నప్పయై ప్రజల మన్ననలందిరి. 2025లో మంచు విష్ణుగారు మరల కన్నప్ప కథను చిత్రించిరి. మన కథ పరిశ్రమకు ఏడు దశాబ్దములుగా అక్కఱకు వచ్చుచున్నదని దీనివలన తేలుచున్నది.

ఐతే 2019లో దుండగీని నాయకునిగా గల ఒక చిత్రమునకు వాల్మీకి యను పేరు పెట్టిరి. మనవారు న్యాయస్థానము నాశ్రయించిరి. చిత్రము విడుదలకు ముందురాత్రి దాని పేరు గద్దలకొండ గణేష్‌గా మార్పబడెను. కొందఱు దీనిని అల్పవిషయమని హాస్యమాడిరి. పుట్టుకచేతనే నేరస్థుడని ముద్రవేయబడిన జాతికి పేరెంత ప్రియమో హాస్యమాడువారికి తెలియదు.

ఆ మేడల నడుమ నేడును ఒక్కచోట పాతగుట్ట మిగిలియున్నది. నిజాము మనుమడు ముకరంజాహి చిరాను ప్యాలెసు చుట్టునున్న సుమారు 350 ఎకరముల పొదలు 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనముగా ప్రకటింపబడెను. అచ్చట నెమళ్ళు తిరుగుచున్నవి. వేకువను కౌజు కూయుచున్నది. వెలుపలి బాటపై ధనికులు తమ లాబ్రడారు కుక్కలను నడిపింతురు. కాల్చిన పిట్టను నోట తెచ్చుటకై పెంపబడిన జాతి యది. ప్రహరికి ఆవల కౌజు కూసినను అది చెవి యొగ్గి మరల నడచిపోవును.

విన్నపము

మన కర్తవ్యమును గూర్చి ఈ మహాసభకు మూడు విన్నపములు చేయుచున్నాను. మన వృద్ధులకు తెలిసిన పిట్టల పేర్లు, కూతలు, జాడలు, పొదలు గ్రామగ్రామమున వ్రాయించి యొక గ్రంథముగా ప్రకటింపవలెను. ఆ తరము గడచిన పిదప ఎవ్వరు చెప్పగలరు? జోనంగి మొదలగు దేశీయ జాగిలముల పోషణకు మన యువకులు పూనుకొనవలెను. వానిని కావలికిని, పశుపాలనకును వినియోగింపవచ్చును. అటవీశాఖలో జాడతీయువారుగను, పక్షిసంరక్షకులుగను మన పిల్లలకు ప్రాధాన్య మిమ్మని ప్రభుత్వముల నడుగవలెను.

కర్ణాటకమున బేడ నాయకులు షెడ్యూల్డు తెగలలో చేర్పబడియుండగా, మన రెండు రాష్ట్రములలోని మైదానప్రాంతముల బోయలు వెనుకబడిన తరగతులలోనే యున్నారు. 2023లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభలు రెండును మనలను షెడ్యూల్డు తెగలలో చేర్పవలసినదని తీర్మానించినవి. తీర్మానము కేంద్రమున ఫలించుటకు మన చరిత్రయే మన సాక్ష్యము. అడవితో మనకుగల సంబంధ మెట్టిదని యడిగినచో, మన తాతలు కౌజును ఏ కూతతో పిలిచెడివారో, వేకువ మంచులో జాగిలమును ఏ దిక్కునకు నడిపెడివారో చెప్పగలవారు మనలో నింకను మిగిలియుండవలెను. ఆ సాక్షులు మన యిండ్ల యరుగులపైననే కూర్చుండియున్నారు. ఈ సభనుండి మరలిపోయిన వెంటనే వారిచెంత కూర్చుండి కాగితమును కలమును చేతబట్టుడని కులబాంధవులను వేడుచున్నాను.